అనంతపురంలో బేస్‌బాల్ పిచింగ్ నేర్పే మంచి కోచ్ ఎవరైనా ఉన్నారా?

అనంత_నాన్న
మావాడికి 13 ఏళ్లు, ఎనిమిదో తరగతి. స్కూల్లో బేస్‌బాల్ ఆడతాడు. పీఈటీ సారు వాడి చెయ్యి చూసి పిచర్‌గా, అంటే బ్యాటర్‌కి బాల్ విసిరేవాడిగా నిలబెట్టారు, పోయిన సీజన్‌లో జిల్లా సెలక్షన్స్ దాకా పోయాడు. ఇప్పుడు ఆ సారుకి బదిలీ అయింది, కొత్తగా వచ్చిన సారుది వాలీబాల్. మన ఊర్లో క్రికెట్‌కి కోచ్‌లకు కొదవ లేదు, టెన్నిస్‌కి నాదల్ పేరు మీద సెంటరే ఉంది, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన ఆర్‌డీటీ గ్రౌండ్‌లోనే జరిగాయి. పిచింగ్ నేర్పేవాళ్లు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. ఆన్‌లైన్‌లో ఒకాయన 3 నెలలకి 24 వేలు అంటున్నాడు, మొత్తం ముందే కట్టాలంట, గంటకు 130 కిలోమీటర్ల స్పీడు గ్యారంటీ అంట. కట్టమంటారా? ఇట్లాంటి కోచ్‌ని ఏం చూసి నమ్మాలి? బెంగళూరు దాకా పంపడానికైనా రెడీగా ఉన్నా.

నంద్యాల_మామ
అంత చెయ్యి ఉంటే క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్‌ని చెయ్యప్పా. బేస్‌బాల్ ఆడి మన దగ్గర ఏం చేస్తాడు? కడప జిల్లా నుంచి పోయిన శ్రీచరణి 2025లో వరల్డ్ కప్ గెలిచిన టీంలో ఆడింది. దారి ఉన్న ఆట అంటే అది.

అనంత_నాన్న
క్రికెట్ క్యాంపుకి ఒక వేసవి అంతా పంపాను మామా. వాడికి మనసు పట్టలేదు. ఎవరూ లేపకుండా పొద్దున్నే లేచేది ఈ ఆట కోసమే.

బెంగళూరు_సీమోడు
2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉంది, బేస్‌బాల్ కూడా ఉంది. ఏ ఆట ఆడాలో పిల్లోడు తేల్చుకున్నాడు కదా, కోచ్ సంగతి మాట్లాడదాం.

తాడిపత్రి_అమ్మ
డబ్బు కట్టొద్దు. మా పెద్దోడికి ఇట్లాంటి ఆన్‌లైన్ కోచింగే పెట్టించి ఏడ్చాం. మొదటి వారం వీడియో పంపితే చక్కగా వివరంగా చెప్పాడు. ఆ తర్వాత ఏ వీడియో పంపినా ఒకటే సమాధానం, భుజం ఇంకా వెనక్కి లాగు, రోజుకి ఇంకో 30 బాల్స్ ఎక్కువ వెయ్యి. నాకు అనుమానం వచ్చి అదే బ్యాచ్‌లో ఉన్న ఇంకో అమ్మని అడిగితే వాళ్ల అబ్బాయికీ అక్షరం తేడా లేకుండా అదే మెసేజ్. డబ్బు వెనక్కి అడిగితే మెసేజ్‌లు చూడడమే మానేశాడు. డబ్బు పోతే పోయింది, బిడ్డ చెయ్యి నొప్పి పెడుతోందన్నా ఇంకా వెయ్యమన్నాడు చూడు, దానికి నాకు ఇప్పటికీ మండుతుంది.

ఫ్రిస్కో_రెడ్డి
మాది ప్రొద్దుటూరు, ఇప్పుడు ఉండేది టెక్సాస్‌లో. మావాడిదీ మీ అబ్బాయి వయసే, వాడూ పిచరే. ముందు ఆ గ్యారంటీ సంగతి చెప్తా. గంటకు 130 కిలోమీటర్లు అంటే ఇక్కడి లెక్కలో 80 మైళ్లు. ఇక్కడ హైస్కూల్లో పెద్ద పిల్లలు కూడా చాలామంది ఆ స్పీడు అందుకోలేరు. 13 ఏళ్ల పిల్లోడికి 3 నెలల్లో తెప్పిస్తానంటే ఆయనకి పిల్లల శరీరం గురించి తెలియదనుకోవాలి, లేదా తెలిసే అబద్ధం చెప్తున్నాడనుకోవాలి. రెండింట్లో ఏదైనా పంపకూడదు.

మేము కోచ్‌ని ఎట్లా పట్టుకున్నామో చెప్తా, మీకు పనికొస్తుంది. ముగ్గురి దగ్గర ఒక్కో క్లాసు ట్రయల్ తీసుకున్నాం. మొదటాయన రాగానే స్పీడ్ గన్ తీశాడు. రెండో ఆయన మంచోడే గానీ అందరికీ ఒకటే స్టైల్. మూడో ఆయన మొదటి అరగంట బాల్ చేతికే ఇవ్వలేదు. ఒంటికాలి మీద నిలబెట్టాడు, నడుము తిప్పించాడు, భుజం ఎంతవరకు తిరుగుతుందో చూశాడు, పోయిన వారం మొత్తం ఎన్ని వేశావు, ఎక్కడైనా నొప్పి ఉందా, ఇంకే టీంలో అయినా ఆడుతున్నావా, క్యాచర్‌గా, అంటే పిచర్ వేసిన బాల్ పట్టేవాడిగా కూడా నిలబడతావా అని పిల్లోడినే అడిగాడు, నన్ను కాదు. మావాడు ఆయన దగ్గరే ఉన్నాడు. ఇక్కడ గంటకి 80 డాలర్లు తీసుకుంటాడు, అంత డబ్బు పెట్టడానికి మాకూ ఆలోచనే, కానీ వారానికి ఒక్క క్లాసే చాలు అన్నది ఆయనే.

నంద్యాల_మామ
అరగంట బాల్ ఇవ్వకుండా 80 డాలర్లా!

ఫ్రిస్కో_రెడ్డి
@నంద్యాల_మామ ఆ అరగంటకే ఇచ్చాను మామా, నిజంగా చెప్తున్నా.

జావెలిన్_గుంతకల్లు
పిచింగ్ కోచ్ దొరక్కపోతే జావెలిన్ కోచ్ దగ్గరికి పంపండి. 2008లో మన దేశంలో స్పీడుగా, గురిగా బేస్‌బాల్ విసిరేవాళ్ల కోసం పోటీ పెడితే పైకి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ యూపీ జావెలిన్ కుర్రాళ్లే. అంతకుముందు బేస్‌బాల్ ముట్టింది లేదు. అమెరికా పోయి నెలల్లో నేర్చుకుని అక్కడి పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ఆడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీంతో కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టారు. విసిరే ఒడుపు ఉంటే మిగతాది వస్తుంది.

ఫ్రిస్కో_రెడ్డి
అది నిజమే గానీ సగమే చెప్పావు తమ్ముడూ. ఆ ఇద్దరికీ అమెరికాలో నేర్పింది టామ్ హౌస్, తనే ఒకప్పుడు మేజర్ లీగ్ పిచర్. అంతటి గురువు పక్కనుంటే నెలల్లో వచ్చింది. పైగా వాళ్లు అప్పటికే ఎదిగిన కుర్రాళ్లు, ఇక్కడ పిల్లోడికి 13.

జావెలిన్_గుంతకల్లు
ఒప్పుకుంటా. అయినా కాలి నుంచి నడుముకి, నడుము నుంచి భుజానికి బలం ఎట్లా పాకాలో మా కోచ్‌లకి తెలిసినంతగా క్రికెట్ కోచ్‌లకి తెలియదు. క్రికెట్‌లో మోచెయ్యి 15 డిగ్రీలకి మించి చాపితే అది బౌలింగే కాదు. ఇక్కడ మోచెయ్యి వంచి విసరడమే ఆట. బౌలింగ్ కోచ్ దగ్గరికి పంపితే పిల్లోడి చెయ్యి రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టు అవుతుంది.

నంద్యాల_మామ
బాల్ అయితే ఇంచుమించు ఒకటే బరువు కదా?

జావెలిన్_గుంతకల్లు
బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములు, క్రికెట్ బాల్ 156 నుంచి 163. తేడా బరువులో కాదు మామా, చెయ్యి తిరిగే తీరులో.

సాఫ్ట్‌బాల్_అక్క
ధర్మవరం నుంచి. నేను స్కూల్, యూనివర్సిటీ రెండు చోట్లా సాఫ్ట్‌బాల్ పిచర్‌ని. మన జిల్లాల్లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ రెండింటినీ చాలాసార్లు ఒకే సారు చూసుకుంటారు, అందుకే మీకు "ఫలానా సారు సాఫ్ట్‌బాల్ పిచింగ్ నేర్పుతారు, పంపు" అని ఎవరో ఒకరు చెప్తారు. జాగ్రత్త. మాది కింది నుంచి చెయ్యి గుండ్రంగా తిప్పి వేసే పిచింగ్, ఆడవాళ్లకి బ్యాటర్ దగ్గరికి దూరం 43 అడుగులు. బేస్‌బాల్‌లో పైనుంచి విసరాలి, పెద్దవాళ్ల దూరం 60 అడుగుల 6 అంగుళాలు. నా పిచింగ్ మీ అబ్బాయికి నేర్పితే ఒక్క ముక్క పనికిరాదు. ఫీల్డింగ్, బేస్ కవర్ చెయ్యడం, బ్యాటర్‌ని చదవడం అయితే ఏ సాఫ్ట్‌బాల్ సారైనా బాగా నేర్పగలరు.

అన్నట్టు మీవాడు ఎంత దూరం నుంచి వేస్తున్నాడు?

అనంత_నాన్న
పూర్తి దూరం నుంచే అక్కా. సెలక్షన్స్‌లో అంతే పెడతారని సారు అలవాటు చేశారు.

ఫ్రిస్కో_రెడ్డి
ఇక్కడ 12 ఏళ్ల దాకా లిటిల్ లీగ్‌లో 46 అడుగులే. 13, 14 ఏళ్లకి కొన్ని లీగుల్లో 54 అడుగులు. మ్యాచ్‌లో తప్పదు గానీ ప్రాక్టీస్ అంతా పూర్తి దూరం నుంచి అక్కర్లేదు. దూరం ఎక్కువైతే పిల్లలు ఒళ్లు వదిలేసి చేత్తో లాగుతారు.

కర్నూలు_ఫిజియో
ఇంత సేపు చదివాను, అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. అనంత_నాన్న గారూ, బాబుకి మోచెయ్యి లోపలి వైపు, అంటే చెయ్యి చాపి అరచెయ్యి ముందుకి పెడితే ఒంటి వైపు వచ్చే ఎముక దగ్గర, నొప్పి ఉందా? బాల్ వేసిన మరుసటి రోజు చెయ్యి పూర్తిగా చాపగలుగుతున్నాడా?

అనంత_నాన్న
మీరు అడిగాక ఇప్పుడే వాడిని పిలిచి అడిగాను. మ్యాచ్ అయిన మరుసటి రోజు బిగుసుకున్నట్టు ఉంటుందంట, సంచి ఎడమ చేత్తో పట్టుకుంటాడంట. నొక్కితే మీరు చెప్పిన చోటే "అక్కడే నాన్నా" అన్నాడు. ఇంట్లో చెప్పలేదు, చెప్తే ఆట మానిపిస్తామని భయమంట. ఒకటే టెన్షన్‌గా ఉంది సార్.

కర్నూలు_ఫిజియో
కంగారు పడొద్దు, కానీ ఈ రోజు నుంచి బాల్ విసరడం పూర్తిగా ఆపండి. ఈ వయసులో మోచేతి ఎముక చివర ఇంకా మెత్తగా, ఎదిగే పొర ఉంటుంది. విసిరిన ప్రతిసారీ కండరం దాన్ని లాగుతుంది. పెద్దవాళ్లలో అదే బలం లిగమెంట్ మీద పడుతుంది, పిల్లల్లో లిగమెంట్ కంటే ఈ ఎదిగే పొరే బలహీనం కాబట్టి దెబ్బ దానికి తగులుతుంది. తొందరగా గుర్తిస్తే చాలామందికి కొన్ని వారాల విశ్రాంతితో సర్దుకుంటుంది. నొప్పి మింగి ఆడితే ఎముక ముక్క పక్కకి జరిగే ప్రమాదం ఉంది. ఎముకల డాక్టర్‌కి చూపించి రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీయించమని అడగండి, రెండూ పక్కపక్కన పెట్టి పోలిస్తేనే పిల్లల్లో తేడా తెలుస్తుంది. నూనె రాసి గట్టిగా తోమించడం, నొప్పి మాత్ర వేసి గ్రౌండ్‌కి పంపడం రెండూ వద్దు.

తాడిపత్రి_అమ్మ
మా పెద్దోడికి కూడా సరిగ్గా ఇక్కడే. పిల్లలు చెప్పరు సార్, మనమే నొక్కి అడగాలి.

నంద్యాల_మామ
మా కాలంలో పొద్దున నుంచి సాయంత్రం దాకా మామిడి తోటలో రాళ్లు విసిరేవాళ్లం, ఎవరికీ ఏ మోచెయ్యీ పోలేదు. ఇప్పటి పిల్లలకి ఒళ్లు వంగక ఇట్లా అవుతోంది.

కర్నూలు_ఫిజియో
రాయి విసిరినప్పుడు చెయ్యి నొప్పెడితే ఆపేసేవాళ్లు మామా. అక్కడ స్కోర్ లేదు, అంపైర్ లేడు, ఇంకో ఇన్నింగ్స్ వెయ్యమని అరిచేవాళ్లు లేరు. ఒకే పనిని పూర్తి బలంతో, విరామం లేకుండా చేయించడమే చెయ్యిని చెడగొడుతుంది. అమెరికాలో పిల్ల పిచర్లని పదేళ్ల పాటు గమనించిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఏడాదికి 100 ఇన్నింగ్స్‌కి మించి వేసినవాళ్లకి పెద్ద గాయమయ్యే అవకాశం మిగతావాళ్ల కంటే మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది.

ఫ్రిస్కో_రెడ్డి
దీనికే ఇక్కడ లెక్క పెట్టారు. మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో 13, 14 ఏళ్లవాళ్లకి రోజుకి ఎక్కువలో ఎక్కువ 95 పిచ్‌లు, అంటే పిచర్ వేసే బాల్స్. 20 లోపు వేస్తే మరుసటి రోజే వెయ్యొచ్చు, 21 నుంచి 35 అయితే ఒక రోజు, 50 దాకా రెండు రోజులు, 65 దాకా మూడు రోజులు, 65 దాటితే నాలుగు రోజులు విశ్రాంతి. ఒకే మ్యాచ్‌లో పిచర్‌గానూ క్యాచర్‌గానూ ఆడించకూడదు. ఏడాదిలో నాలుగు నెలలు పిచింగ్ ఉండకూడదు, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా పైచేత్తో ఏదీ విసరకూడదు.

ఏ కోచ్‌తో మాట్లాడినా ముందు ఇదే అడగండి, మీరు పిచ్‌లు లెక్కపెడతారా, ఎక్కడ రాస్తారు అని. నోట్‌బుక్ తీసి చూపించేవాడు దొరికితే ఫీజు గురించి అప్పుడు మాట్లాడొచ్చు.

పీఈటీ_రాయదుర్గం
ఫ్రిస్కో సారు చెప్పిన లెక్క బంగారం లాంటిది గానీ మా కష్టం కూడా వినండి. స్కూల్ టోర్నమెంట్ అంటే రెండు మూడు రోజుల్లో మొత్తం అయిపోవాలి. పొద్దున ఒక మ్యాచ్, మధ్యాహ్నం ఇంకోటి. టీంలో ఒక్కడే పిచర్ ఉంటాడు. నాలుగు రోజుల విశ్రాంతి ఎక్కడి నుంచి తేవాలి? అందుకే ఇప్పుడు నేను ప్రతి టీంలో ముగ్గురికి పిచింగ్ నేర్పుతున్నా. ఓడిపోయినా పరవాలేదని హెడ్‌మాస్టర్‌కి ముందే చెప్పాను.

ఇక కోచ్ విషయం. యూట్యూబ్‌లో కాదు, మనుషుల్లో వెతకండి. స్కూల్ గేమ్స్‌లోనూ యూనివర్సిటీల మధ్య పోటీల్లోనూ బేస్‌బాల్ ఉంది. ఆ స్థాయిలో ఆడినవాళ్లు మన సీమలో ఉన్నారు, బీపీఈడీ చేసి ప్రైవేట్ స్కూళ్లలో పనిచేస్తున్నారు, సాయంత్రాలు ఖాళీ, ఎవరూ అడగరు కాబట్టి నేర్పరు, అంతే. ఎస్కే యూనివర్సిటీలో ఫిజికల్ ఎడ్యుకేషన్ వాళ్లని కలిసి యూనివర్సిటీ టీంకి పిచింగ్ వేసినవాళ్లు ఎవరని అడగండి. బేస్‌బాల్ ఆడాను అంటే సరిపోదు, అవుట్‌ఫీల్డ్‌లో నిలబడినా బేస్‌బాల్ ఆడినట్టే. జిల్లా టీం తీసుకెళ్లిన సార్లని కూడా అడగండి. మీ పాత సారు బదిలీ అయితే ఏమైంది, ఫోన్ ఉంది కదా, మీవాడి చెయ్యి ఆయనకి తెలిసినంతగా కొత్తవాళ్లకి తెలియదు.

కడప_కుర్రాడు
నేను ఇంటర్ సెకండియర్, పిచర్‌నే. కర్వ్‌బాల్, అంటే గాల్లో వంకర తిరిగే బాల్, ఎప్పటి నుంచి నేర్చుకోవాలి అనేది కూడా కోచ్‌ని అడగండి. నాకు 12 ఏళ్లకే ఒక సీనియర్ నేర్పించాడు, సెలక్షన్‌లో అందరూ వావ్ అన్నారు, తర్వాత నా ఫాస్ట్‌బాల్ గురే పోయింది.

ఫ్రిస్కో_రెడ్డి
@కడప_కుర్రాడు కరెక్ట్. ముందు ఫాస్ట్‌బాల్ చెప్పిన చోట పడాలి, తర్వాత చేంజప్, అంటే ఫాస్ట్‌బాల్ లాగే కనిపించి మెల్లగా వచ్చే బాల్. చేంజప్‌కి చెయ్యి ఊపు ఫాస్ట్‌బాల్ లాగే ఉంటుంది, పట్టు మారుతుంది అంతే, అందుకే పిల్లలకి అది మంచిది. కర్వ్ వల్లే గాయాలు అవుతాయా అంటే పరిశోధకుల్లోనే ఏకాభిప్రాయం లేదు, అలసిన చేత్తో వెయ్యడమే పెద్ద ప్రమాదం అని మాత్రం అందరూ ఒప్పుకుంటారు.

జావెలిన్_గుంతకల్లు
కర్వ్ అసలు వద్దనే నేనంటా. 16 దాకా ముట్టకూడదు.

కడప_కుర్రాడు
16 మరీ ఎక్కువ అన్నా. మీసం వచ్చాక నేర్చుకోవచ్చు అని మా సారు అంటారు, నేను రోజూ అద్దం చూసుకునేవాడిని.

సాఫ్ట్‌బాల్_అక్క
😂 మీ సారు చెప్పింది తమాషాగా ఉన్నా అందులో విషయం ఉంది, ఎముక ముదిరాక అని అర్థం.

బెంగళూరు_సీమోడు
స్పీడు తెలుసుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ పెట్టి పక్క నుంచి తీయండి. పూర్తి దూరం నుంచి వేస్తే బాల్ చేతిని వదిలిన చోటు నుంచి క్యాచర్ గ్లౌ దాకా సుమారు 16.8 మీటర్లు వస్తుంది. ఆ మధ్యలో 144 ఫ్రేములు పడితే 0.6 సెకను, అంటే సగటున గంటకు 100 కిలోమీటర్లు. అదే వీడియోలో స్పీడు కంటే ముఖ్యమైనవి కనిపిస్తాయి. ముందు కాలు నేల మీద పడేసరికి మోచెయ్యి భుజం ఎత్తులో ఉందా, లేక కిందికి వేలాడుతోందా? 10వ బాల్‌కి ఎట్లా ఉంది, 50వ బాల్‌కి ఎట్లా ఉంది? 50వ దానికి మోచెయ్యి జారిపోతుంటే పిల్లోడు అలిసిపోయాడు, ఆ రోజుకి చాలు. కోచ్ మీకు ఇది చూపించగలగాలి.

ఇక బెంగళూరు ప్రయాణం గురించి. రెండు వందల కిలోమీటర్ల పైనే. ప్రతి వారం పిల్లోడిని బస్సులో తిప్పితే వాడికి నిద్ర ఉండదు, ఆట మీద విసుగు పుడుతుంది. నెలకి ఒకసారి మంచి కోచ్‌కి చూపించి, మిగతా రోజులు స్థానికంగా ఎవరైనా దగ్గరుండి చేయిస్తే చాలు.

తాడిపత్రి_అమ్మ
ఇంకోటి, ప్రాక్టీస్ జరుగుతుంటే అమ్మానాన్న గ్రౌండ్ గట్టున కూర్చుంటామంటే వద్దనే కోచ్ ఎంత గొప్పవాడైనా వద్దు. ఒంటరిగా గదిలో క్లాసు అంటే అసలే వద్దు.

పీఈటీ_రాయదుర్గం
ఈ అమ్మ చెప్పింది అందరూ రాసిపెట్టుకోండి. తల్లిదండ్రులు చూస్తుంటే నాకు ఏ ఇబ్బందీ లేదు. గట్టు మీద నుంచి "ఇంకా గట్టిగా వెయ్యిరా" అని అరవకపోతే చాలు.

నంద్యాల_మామ
సరే, చెయ్యి సంగతి ఫిజియో గారు చెప్పాక నేనూ ఒప్పుకుంటున్నా. మా మనవడు మిద్దె మీద బాల్ విసిరి నీళ్ల ట్యాంకుకి సొట్ట పెట్టాడు, వాడినీ ఒకసారి పిలిచి మోచెయ్యి నొక్కి చూస్తా.

అనంత_నాన్న
అందరికీ థాంక్స్. ఆ 24 వేలు కట్టడం లేదు. "పిచ్‌లు లెక్కపెడతారా" అని ఆయనకి మెసేజ్ పెడితే "అవన్నీ మీకెందుకు సార్, రిజల్ట్ చూడండి" అన్నాడు. డాక్టర్ దగ్గర రేపు సాయంత్రం అపాయింట్‌మెంట్, రెండు చేతుల ఎక్స్‌రే అడుగుతా. పాత సారుకి ఫోన్ చేశాను, నొప్పి సంగతి విని ఆయనే బాధపడ్డారు. యూనివర్సిటీ టీంకి పిచింగ్ వేసిన ఒకతను మన టౌన్‌లోనే ఒక స్కూల్లో పనిచేస్తున్నాడని ఆయనే చెప్పారు. అతనితో మాట్లాడితే మొదటి మాట "బాబుకి ఎక్కడైనా నొప్పి ఉందా అన్నా" అన్నాడు. ఉంది అంటే "అయితే డాక్టర్ సరే అన్నాకే నా దగ్గరికి తీసుకురా, అప్పటిదాకా కాళ్లకీ నడుముకీ ఎక్సర్‌సైజులు చెప్తా, దానికి ఫీజు వద్దు" అన్నాడు.

ఫ్రిస్కో_రెడ్డి
అతన్ని వదలొద్దు.

కర్నూలు_ఫిజియో
ఎక్స్‌రే రిపోర్టులో ఏముందో ఇక్కడ చెప్పండి, ఫోటో పెట్టేటట్టయితే బాబు పేరు కనపడకుండా పెట్టండి. డాక్టర్ సరే అన్నాక కూడా ఒకేసారి పూర్తి బలంతో మొదలుపెట్టకూడదు. దగ్గర దూరం, మెల్లగా, ఒక రోజు వదిలి ఒక రోజు. మన ఎండలకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఎలాగూ గ్రౌండ్‌లో నిలబడలేం, ఏడాదిలో వరసగా ఇవ్వాల్సిన రెండు మూడు నెలల విరామం అప్పుడే పెట్టుకోవచ్చు.

సాఫ్ట్‌బాల్_అక్క
అతను ఫీజు చెప్తే ఇక్కడ రాయండి. మా అక్క కొడుకు అనంతపురంలోనే ఉంటాడు, 14 ఏళ్లు, క్యాచర్. ఇద్దరూ కలిస్తే ఒకడికి వేసేవాడు, ఇంకొకడికి పట్టేవాడు దొరుకుతాడు, ఫీజు కూడా సగం సగం.

అనంత_నాన్న
తప్పకుండా అక్కా. క్యాచర్ మాస్క్ ఉందా వాడి దగ్గర? మా స్కూల్లో ఉన్న ఒక్కటీ పట్టీ తెగిపోయి ఉంది.

సాఫ్ట్‌బాల్_అక్క
ఉంది, నేను ఆడినప్పటిదే. కడిగి ఎండబెట్టి పంపిస్తా.